రిపేరుకిచ్చిన వస్తువు పాడై తిరిగొస్తే: షాపుతోనే తేల్చుకోవాలా, 1915కు చెప్పాలా, కమిషన్‌కు వెళ్లాలా?

బొమ్మ రావట్లేదని ఇచ్చిన టీవీ వారం తర్వాత వెలుగుతుంది, కానీ తెర మీద పైనుంచి కిందికి ఓ గీత. బ్యాటరీ మార్చమని ఇచ్చిన ఫోన్‌లో వేలిముద్ర పనిచేయదు. గ్యాస్ నింపించిన ఫ్రిజ్ పది రోజులకే మళ్లీ మొదటికొస్తుంది. కౌంటర్ దగ్గర మాత్రం అన్నిచోట్లా ఒకటే మాట: "ఇది ముందు నుంచే ఉంది సార్."

అక్కడి నుంచి దారులు చాలానే ఉన్నాయి. షాపు సేటుతో కూర్చుని తేల్చుకోవచ్చు, కంపెనీకి రాయొచ్చు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, రాజీ కుదిర్చే లోక్ అదాలత్‌కు పోవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, పోలీసుల దగ్గరికీ వెళ్లొచ్చు. హనుమకొండ చౌరస్తాలో పెద్ద షోరూమ్ మీద పనిచేసే దారి, ములుగులో ఒక్క మనిషి నడిపే రిపేరు షాపు మీద పనిచేయదు.

## ముందు తేల్చుకోవాల్సినవి

రసీదు ఎవరిది? అన్నిటికంటే ముందు ఇదే చూసుకోవాలి. అమ్మిన షాపువాళ్లే వస్తువు తీసుకుని తమ పేరుతో జాబ్ షీట్ ఇస్తే, దాన్ని హైదరాబాద్‌కు పంపినా, పక్క సందులో మెకానిక్‌కు ఇచ్చినా, మీకు జవాబు చెప్పాల్సింది వాళ్లే. "మేం అమ్మడం వరకే" అనే మాట ఇక్కడ చెల్లదు. మీరే నేరుగా కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఇచ్చి ఉంటే మాత్రం మొదటి బాధ్యత సెంటర్‌ది, కంపెనీది. షాపు రెండో వరసలోకి పోతుంది.

ఇచ్చేటప్పుడు ఎలా ఉందో రుజువు ఉందా? ఫొటో, వీడియో, జాబ్ షీట్ మీద రాసిన పరిస్థితి, ఏదో ఒకటి ఉండాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ ప్రకారం, పని కోసం వస్తువు తీసుకున్నవాడు దాన్ని తన సొంత వస్తువులా జాగ్రత్తగా చూసుకోవాలి. బాగున్నది ఇచ్చి పాడైంది తిరిగొచ్చిందని మీరు చూపించగలిగితే, తన జాగ్రత్తలో లోపం లేదని చెప్పుకోవాల్సిన భారం వాళ్ల మీద పడుతుంది. చూపించలేకపోతే ఆ భారమంతా మీదే.

వస్తువు ఇప్పటి విలువ ఎంత? కొన్న ధర కాదు. మూడేళ్లు వాడిన ఫోన్‌కు కొత్త ఫోన్ ధర ఏ దారిలోనూ సులువుగా రాదు.

ఎంతకాలం ఆగగలరు? ఫ్రిజ్ లేకుండా ఎండాకాలం గడపలేరు. పాత కెమెరా అయితే ఏడాది ఆగినా నష్టం లేదు.

అవతల ఎవరు? పేరున్న కంపెనీకి ఫిర్యాదుల విభాగం ఉంటుంది, పరువు భయం ఉంటుంది. చిన్న షాపుకు ఈ రెండూ తక్కువ, కానీ యజమాని మీ కళ్లెదుటే ఉంటాడు.

## ఏ దారైనా తప్పని మొదటి రెండు రోజుల పని

పాడైన వస్తువును షాపులోనే వదిలేసి కోపంగా బయటికొచ్చేవాళ్లు చాలామంది. దాంతో రుజువు వాళ్ల చేతిలోనే ఉండిపోతుంది. పైగా జాబ్ షీట్ వెనక "ఇన్ని రోజుల్లో తీసుకెళ్లకపోతే మా బాధ్యత లేదు" అనే వాక్యం తరచూ ఉంటుంది. అలాగని నోరు మూసుకుని ఇంటికి తెచ్చుకుంటే "మీ ఇంట్లోనే పగిలింది" అంటారు. రెంటికీ మధ్య మార్గం ఒకటుంది. కౌంటర్ దగ్గరే ఆన్ చేసి చూసి, డెలివరీ స్లిప్ మీద మీ చేత్తో "తెర మీద నిలువు గీతతో తీసుకున్నాను, నేను ఇచ్చినప్పుడు లేదు, అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని తేదీ, సమయం వేసి రాసి, దాన్ని ఫొటో తీసుకోండి. రాయనివ్వకపోతే అక్కడే నిలబడి అదే సంగతి షాపు నంబర్‌కు వాట్సాప్ చేయండి.

కంపెనీ సర్వీసుల్లో ఓటీపీ దగ్గర జాగ్రత్త. పని అయిందని ఒప్పుకుంటేనే ఇవ్వాల్సిన కోడ్ అది. "ఇది చెప్తేనే సెట్ బయటికిస్తాం సార్" అని తొందరపెడతారు. కోడ్ ఇచ్చిన క్షణాన వాళ్ల సిస్టమ్‌లో మీ ఫిర్యాదు "కస్టమర్ సంతృప్తి"తో మూసుకుపోతుంది. చూసుకున్నాకే ఇవ్వండి. చార్జీ కట్టందే వస్తువు ఇవ్వమంటే, చేసిన పనికి కూలి రాలేదని ఆపుకునే హక్కు రిపేరు చేసినవాళ్లకు అదే కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ఇచ్చింది. చిన్న మొత్తమైతే "అభ్యంతరంతో కడుతున్నా" అని మెసేజ్ పెట్టి, యూపీఐలో కట్టి తెచ్చుకోవడమే మేలు. నగదు ఇవ్వొద్దు.

తర్వాత ఇంకోచోట బాగు చేయించే ముందు, వేరే అధీకృత సెంటర్ నుంచి లెటర్‌హెడ్ మీద ఎస్టిమేట్ తీసుకోండి. ఖర్చు ఎంతో రాయించుకుంటే చాలదు, కారణం కూడా రాయించుకోవాలి. కారణం రాయించాలంటే ఏం అడగాలో తెలియాలి కదా:

- టీవీ: బ్యాక్‌లైట్ మార్చాలంటే పల్చటి ప్యానెల్‌ను మొత్తం పైకెత్తాలి. దాని అంచున సన్నటి ఫిల్మ్ రిబ్బన్లు అతికించి ఉంటాయి. ఒక్కటి చిరిగినా, అతుకు లేచినా నిలువు గీత వస్తుంది. తెర ముందు గాజు మీద దెబ్బ లేకుండా, రిపేరుకు ముందు వీడియోలో గీత లేకుండా ఉంటే, విప్పినప్పుడే జరిగిందనడానికి అది గట్టి ఆధారం.
- ఫ్రిజ్: గ్యాస్ లైన్ కోసిన ప్రతిసారీ ఫిల్టర్ డ్రయర్ మార్చాలి, వాక్యూమ్ పంపుతో గాలి, తేమ లాగెయ్యాలి. లేకపోతే తేమ సన్నటి క్యాపిలరీ గొట్టం చివర గడ్డకట్టి అడ్డుపడుతుంది. ఆర్600ఏ గ్యాస్ అయితే స్టిక్కర్ మీద రాసిన గ్రాముల లెక్కనే తూచి నింపాలి. మీ బిల్లులో డ్రయర్ లైను లేదా? అదే మీ మొదటి సాక్ష్యం.
- ల్యాప్‌టాప్: పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగు స్క్రూ బిగిస్తే బోర్డు మీద ట్రాక్ తెగుతుంది. స్క్రూ పడిన చోట ఫొటో తీయించండి.
- ఫోన్: తడి తగిలితే రంగు మారే చిన్న స్టిక్కర్ లోపల ఉంటుంది. "నీళ్లు పోయాయి, కస్టమర్ వల్లే డ్యామేజ్" అని రాయడానికి సెంటర్లు చూపించేది దాన్నే. ఇచ్చేటప్పుడే మీ ముందు చూడమని, "స్టిక్కర్ తెల్లగా ఉంది" అని జాబ్ షీట్ మీద రాయమని అడగండి.

వారంటీ లేని రిపేరులో డబ్బు కట్టి మార్పించిన పాత పార్ట్ మీదే, అడిగి తెచ్చుకోండి. వారంటీలోనో, ఎక్స్‌చేంజ్ ధరకో మార్చినదైతే కంపెనీ తీసుకుంటుంది.

జాబ్ షీట్ మీద "కస్టమర్ రిస్క్" స్టాంపు చూసి వెనక్కి తగ్గొద్దు. ఆ స్టాంపు అజాగ్రత్తను కడిగెయ్యదు. అయితే ఒక తేడా ఉంది. బోర్డు పనికి ముందే "డెడ్ రిస్క్ ఉంది, చెయ్యమంటారా?" అని విడిగా చెప్పి మీతో సంతకం పెట్టించుకుంటే, సరిగ్గా ఆ బోర్డు చచ్చిపోయినందుకు వేసే కేసు బలహీనపడుతుంది. బోర్డు పనికిస్తే డిస్‌ప్లే పగలడం మాత్రం ఆ రిస్క్‌లోకి రాదు.

## దారుల పోలిక

| దారి | ఖర్చు | పట్టే కాలం | బలం | ఎక్కడ ఆగిపోతుంది |
|---|---|---|---|---|
| షాపుతో ఒప్పందం | లేదు | రోజులు, వారాలు | వేగం | కాగితం లేకపోతే మాట మారుతుంది |
| కంపెనీకి ఫిర్యాదు, 1915 | లేదు | వారాలు | పెద్ద కంపెనీలు స్పందిస్తాయి | ఆదేశించే అధికారం లేదు |
| లోక్ అదాలత్ | లేదు | వారాలు, నెలలు | కుదిరితే తీర్పుతో సమానం, అప్పీలు లేదు | ఇద్దరూ ఒప్పుకోవాలి |
| జిల్లా కమిషన్ | 5 లక్షల వరకు ఫీజు లేదు | నెలలు, ఏడాది పైనే | డబ్బు, పరిహారం, ఖర్చులు ఇప్పించగలదు | ఓపిక, రుజువు |
| పోలీసులు | లేదు | చెప్పలేం | వస్తువే ఇవ్వకపోతే | అజాగ్రత్తకు పనికిరాదు |

## షాపుతోనే తేల్చుకోవడం

ఎక్కువమందికి ఇదే సరైన దారి. కానీ నోటితో కాదు, కాగితంతో. ఒక పేజీ ఉత్తరం చాలు: ఏ తేదీన, ఏ జాబ్ షీట్ నంబర్‌తో, ఏ సమస్యకు ఇచ్చారు, ఎలా తిరిగొచ్చింది, మీకు కావాల్సింది ఏమిటి, 15 రోజుల గడువు. స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు, డెలివరీ ట్రాకింగ్ ప్రింటు దాచుకోండి. కేసుకు ముందు నోటీసు ఇచ్చి తీరాలని వినియోగదారుల చట్టంలో లేదు, వకీలు చేతే ఇప్పించాలనీ లేదు. అయినా అది చేరాక కౌంటర్ అబ్బాయి బదులు యజమాని ఫోన్ చేయడం తరచూ జరిగేదే.

అప్పుడు షాపు ముందుకు తెచ్చే బేరాల్లో ఏది తీసుకోవాలి?

*మళ్లీ ఉచితంగా బాగు చేస్తాం.* వేసేది కంపెనీ పార్టా, కాదా. దానికి ఎన్ని నెలల గ్యారంటీ. ఏ తేదీకి ఇస్తారు. ఈ మూడూ రాసిస్తేనే ఒప్పుకోండి. ప్యానెల్ చింపిన మెకానిక్ చేతికే మళ్లీ ఇవ్వడం మాత్రం నాకు నచ్చని బేరం. కంపెనీ సెంటర్‌లో చేయించి బిల్లు షాపు కట్టేలా అడగండి.

*కొత్తదాని మీద తగ్గిస్తాం.* ఎక్కువమంది పడిపోయేది ఇక్కడే. 32,000కు కొన్న టీవీ పాడైందనుకుందాం. కొత్త టీవీ ఎమ్మార్పీ 45,000, మీకు "స్పెషల్"గా 35,000 అంటారు. అదే మోడల్ వరంగల్ స్టేషన్ రోడ్డులో ఎవరికైనా 36,000కు దొరుకుతుంటే, మీకు దక్కిన పరిహారం వెయ్యి రూపాయలే. తగ్గింపును ఎమ్మార్పీతో కాదు, బయటి అమ్మకం ధరతో పోల్చాలి.

*డబ్బు ఇచ్చేస్తాం.* వాడుక పోను మిగిలిన విలువకు, రెండో సెంటర్ ఇచ్చిన ఎస్టిమేట్‌కు మధ్యలో ఎక్కడ కుదిరినా మంచిదే. నగదైనా, యూపీఐ అయినా ముందు డబ్బు చేతికి రావాలి, తర్వాతే "ఇక ఏ అభ్యంతరం లేదు" అనే సంతకం. ఈ వరస తిరగబడితే మీ చేతిలో ఏమీ మిగలదు.

## కంపెనీ, 1915

అధీకృత సెంటర్ పాడుచేస్తే ముందు కంపెనీ కస్టమర్ కేర్, ఆ తర్వాత వాళ్ల వెబ్‌సైట్‌లో ఉండే ఫిర్యాదుల అధికారి. ఫోన్ మాటలకు సాక్ష్యం ఉండదు, ఈమెయిల్ రాయండి. దానితోపాటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు, తెలుగులో మాట్లాడొచ్చు. వాట్సాప్‌లో 8800001915.

హెల్ప్‌లైన్ చేసే పని మీ ఫిర్యాదును కంపెనీకి చేరవేసి జవాబు తెప్పించడం, అంతవరకే. హెల్ప్‌లైన్‌తో ఒప్పందం ఉన్న కంపెనీల్లో ఫిర్యాదు సరాసరి సంబంధిత విభాగానికి పోతుంది కాబట్టి పని త్వరగా కదులుతుంది. పోచమ్మమైదాన్‌లో ఒక్క గది షాపు మీద ఫిర్యాదు చేస్తే పెద్దగా ఏమీ కాదు. కంపెనీ "కస్టమర్ వల్లే డ్యామేజ్" అని బట్టీపట్టిన జవాబిచ్చి మూసేసినా నిరుత్సాహపడొద్దు. హెల్ప్‌లైన్ ఇచ్చిన డాకెట్ (ఫిర్యాదు) నంబర్, ఆ జవాబు ప్రింటు కమిషన్‌లో పనికొస్తాయి, ఎందుకంటే కంపెనీ తన వాదన ముందే బయటపెట్టేసింది.

## లోక్ అదాలత్

దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ. చిన్న షాపులతో గొడవకు మాత్రం చక్కగా సరిపోతుంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో తెల్లకాగితం మీద దరఖాస్తు ఇస్తే, కేసు లేకుండానే అవతలివాళ్లకు నోటీసు పోతుంది. మీ ఉత్తరాన్ని పక్కన పడేసిన సేటు, కోర్టు ఆవరణ నుంచి వచ్చిన కాగితాన్ని పడెయ్యడు. రాజీ కుదిరితే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కుదరకపోతే మీ కేసు హక్కు మీకే ఉంటుంది. మహిళలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఇదే సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోన్ 15100.

రాజీ మాటల్లో నెలలు గడిచిపోతున్నా కమిషన్ గడువు మాత్రం ఆగదు, అది గుర్తుంచుకోండి.

## జిల్లా వినియోగదారుల కమిషన్

2019 వినియోగదారుల చట్టం 2020 జూలై నుంచి అమల్లో ఉంది. మన ఉత్తర తెలంగాణ వైపు పాత ఉమ్మడి జిల్లాల లెక్కన వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్‌లలో కమిషన్లు ఉన్నాయి. వస్తువు హైదరాబాద్‌లో కొన్నా, అక్కడే రిపేరుకిచ్చినా, మీరు నివసించే చోటే కేసు వేయొచ్చు. ఈ చట్టం తెచ్చిన మేలు ఇది. కట్టిన సొమ్ము 50 లక్షల వరకు జిల్లా కమిషన్ చూస్తుంది. 5 లక్షల వరకు ఫీజు లేదు. గొడవకు కారణం పుట్టిన రోజు నుంచి 2 ఏళ్లలోపు వేయాలి.

ఈ-జాగృతి పోర్టల్‌లో మొబైల్ నంబర్‌తో నమోదై ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. కట్టలో ఉండాల్సినవి: తేదీల వరస, ఫిర్యాదు, ప్రమాణపత్రం, కొన్న బిల్లు, జాబ్ షీట్, అభ్యంతరం రాసిన డెలివరీ స్లిప్, నోటీసు, పోస్టు రసీదు, రెండో సెంటర్ రిపోర్టు. వాట్సాప్ మాటలు, వీడియోలు పెడితే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయండి. అసలు ఫోన్‌ను ఫార్మాట్ చేయొద్దు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు.

ప్రతివాదులుగా ఎవరెవరిని పెట్టాలి? రసీదు ఇచ్చిన షాపు, పని చేసిన సర్వీస్ సెంటర్, కంపెనీ, ముగ్గురినీ పెట్టండి. ఒకరినే పెడితే "ఆ పని చేసింది వేరేవాళ్లు" అని తప్పించుకుంటారు. ముగ్గురూ ఉంటే ఒకరి మీద ఒకరు చెప్పుకోవడంలోనే అసలు సంగతి బయటపడుతుంది.

నోటీసు అందాక అవతలివాళ్లకు జవాబు ఇవ్వడానికి 30 రోజులు, మరీ అయితే ఇంకో 15. ఆ 45 రోజులు దాటితే తీసుకోవద్దని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కాబట్టి తేదీ లెక్కపెట్టుకోండి, దాటిన రోజు కమిషన్‌కు గుర్తుచేయండి. చట్టం 3 నెలల్లో, పరీక్ష అవసరమైతే 5 నెలల్లో తేల్చాలంటుంది. నిజానికి వాయిదాలతో ఏడాది దాటడం మామూలే. గెలిచాక వాళ్లు అప్పీలుకు పోవాలంటే సొమ్ములో సగం కట్టాలి. తీర్పు అమలు చేయకపోతే 72వ సెక్షన్ కింద నెల నుంచి 3 ఏళ్ల వరకు జైలు శిక్షకు అవకాశం ఉంది. ఆ పిటిషన్ మీరే వేయాలి, దానంతటది కదలదు.

ఏం అడగాలన్నది ఇంకో చిక్కు. వేలల వస్తువుకు లక్షల మానసిక వేదన రాస్తే మిగతా ఫిర్యాదు కూడా పలచబడుతుంది. బాగు చేయించే ఖర్చు లేదా వాడుక పోను విలువ, కట్టిన రిపేరు చార్జీ, మోస్తరు పరిహారం, కేసు ఖర్చులు. వీటికి లెక్క చూపించండి.

## పోలీసులు

అజాగ్రత్తగా పగలగొట్టడం నేరం కాదు, ఫిర్యాదు ఇచ్చినా "సివిల్ మ్యాటర్" అనే అంటారు, ఇక్కడ వాళ్ల మాట నిజమే. వస్తువు ఇవ్వకుండా తిప్పడం, అమ్మేసుకోవడం, అసలు పార్ట్ తీసి పాతది వేయడం, ఫోన్‌లోని ఫొటోలు ముట్టుకోవడం వేరే సంగతి. వీటికి స్టేషన్‌కు వెళ్లాల్సిందే.

## ఎవరికి ఏది

వరంగల్‌లో కేయూ (కాకతీయ యూనివర్సిటీ), నిట్ హాస్టళ్లలో ఉండే విద్యార్థులు: ఫోన్, ల్యాప్‌టాప్ పెద్ద కంపెనీవే అయితే ఈమెయిల్, 1915, ఆపైన కమిషన్. చదువు అయిపోయి ఊరు మారినా కొత్తగా ఉండే చోట కేసు వేసుకోవచ్చు. గల్లీ షాపులో రసీదు లేకుండా ఇచ్చి ఉంటే, గొడవ పెట్టుకునే ముందు "అన్నా, సోమవారం ఇచ్చిన ఫోన్ ఎప్పుడైతది?" అని మెసేజ్ పెట్టండి. "రేపు రా తమ్మీ" అనే జవాబే మీ రసీదు.

ఇంటి ఫ్రిజ్, వాషింగ్ మెషీన్: ఆగలేరు కాబట్టి ముందు రిపోర్టు, ఫొటోలు తీసుకుని వేరేచోట బాగు చేయించుకోండి. ఆ బిల్లు మొత్తం కోసం షాపును అడగండి. నాలుగైదు వేల లోపు అయితే లోక్ అదాలత్ వరకు చాలు, అంతకు మించి తిరిగితే మీ కూలే ఎక్కువవుతుంది.

కుట్టు మిషన్, జిరాక్స్ మిషన్ మీద బతికేవాళ్లు: వ్యాపారానికి వాడే వస్తువు అంటూ అవతలివాళ్లు మొదటి అభ్యంతరం చెప్తారు. సొంతంగా పనిచేసుకుని బతుకుతెరువు కోసం వాడేది అయితే మీరూ వినియోగదారులే. ఆ మాట ఫిర్యాదు మొదటి పేరాలోనే రాయండి.

బోరు మోటారు రివైండింగ్: యాసంగి వరికి నీళ్లు ఆగితే కమిషన్ తీర్పు వచ్చేదాకా పంట ఉండదు. వేరే మోటారు దింపుకుని, కాలినదాన్ని విప్పకుండా పక్కన పెట్టండి. రివైండింగ్ షాపులు పాత రాగి తీగను కూలిలో పట్టుకుంటాయి. అది పోతే మీ రుజువూ పోయినట్టే. కొత్తగా చుట్టించినప్పుడు మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) రీడింగ్ బిల్లు మీద రాయించుకోండి. "ఒక ఫేజ్ పోయి కాలింది" అని వాళ్లంటే, మీ స్టార్టర్‌లో సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ (ఒక ఫేజ్ పోతే మోటారును ఆపేసే పరికరం) ఉందని ఫొటోతో చూపించండి. నీళ్లు నింపే రకం మోటారును నింపకుండా దింపితే మాత్రం తప్పు దింపినవాళ్లదే, అది మీ మనుషులే అయితే కేసు నిలవదు. రైతు వినియోగదారుడేనని విత్తనాల కేసులో 2012లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ఈఎంఐ మీద కొన్నవాళ్లు: కోపంతో వాయిదాలు ఆపొద్దు. అప్పు ఇచ్చిన సంస్థ వేరు, షాపు వేరు. సిబిల్ స్కోరు పడేది మీదే, షాపుకు ఏమీ కాదు. వస్తువు మీద విడిగా పొడిగించిన వారంటీ కొని ఉంటే, ఆ కాగితం బీమా పాలసీయా, షాపు సొంత వారంటీయా చూడండి. బీమా అయితే బీమా కంపెనీకి ముందు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెలలో తేలకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. షాపు సొంతదైతే పైన చెప్పిన దారులే దానికీ వర్తిస్తాయి.